కిడ్నాపర్లు తొడిగిన స్వెటర్

కర్టెన్లు కుట్టే ఆవిడకు వీధిలో వాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు సైరనమ్మ. కూతురు బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, పిల్ల లారీ కింద పడిందనో, మతి పోయి వేరే ఊళ్ళో తిరుగుతోందనో తేల్చేసేది. అలాంటి మనిషి కుట్టుమిషన్ పక్కన కూర్చుని ఒక సస్పెన్స్ నవల రాసింది. పిల్లాణ్ణి ఎత్తుకుపోయే కథ.

ప్రచురణకర్త రెండుసార్లు దాన్ని తిప్పి పంపింది. రెండోసారి ఫోన్ చేసి మరీ చెప్పింది.

"అమ్మా, ముందు నలుగురితో చదివించండి. మీరంటే భయం లేనివాళ్ళతో. వాళ్ళ మాట విని తిరగరాసి పంపండి. ఇంకొక్కసారే చూస్తాను."

ఇంకొక్కసారే!  అట్ట మీద తన పేరు చూసుకోవాలని సైరనమ్మకు పెళ్ళికి ముందు నుంచీ ఆశ.

కాపీలు తీయించింది. తీరా ఇవ్వబోతుంటే దిగులు పట్టుకుంది. చదువుతూ చదువుతూ ఎవరి గుండైనా ఆగిపోతే? అందుకని మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రాసింది: "కంగారు పడకండి. పిల్లాడు క్షేమంగా ఇంటికొస్తాడు." అదీ చాలదనిపించి ప్రతి అధ్యాయం నెత్తినా రాసింది.

లిఫ్టులు బాగుచేసే భర్త కట్ట అందుకుంటూనే "బాగుంది" అన్నాడు.

"ఇంకా విప్పనే లేదు కదండీ!"

"విప్పినా అదే అంటాను. ఇప్పుడే అనేస్తే ఇద్దరికీ నిశ్చింత."

కూతురు మాత్రం సోఫాలో పడుకుని చదువుతూ పడీ పడీ నవ్వింది.

"ఎందుకే ఆ నవ్వు? వాణ్ణి చీకటి గదిలో పడేశారు అక్కడ!"

"పడేసి దోమతెర కట్టారమ్మా!"

ఇక మిగిలింది వదిన. భర్తకు అక్క, పెద్దాసుపత్రిలో నర్సు. డాక్టర్లే ఆవిడను చూసి దారి తప్పుకుంటారు. ఆదివారం పొద్దున్నే వచ్చి, కత్తిరించిన గుడ్డల మధ్య ఆ కట్టను ధబీమని పడేసింది.

"ఏమే, ఆ కిడ్నాపర్ల ఫోన్ నంబరుందా?"

"ఎందుకు వదినా?"

"మా చిన్నాణ్ణి కొన్నాళ్ళు వాళ్ళ దగ్గరుంచుదామని. ఏం పెంపకమే అది! కారెక్కగానే సీటు బెల్టు పెట్టారు. చలేస్తుందని స్వెటర్ తొడిగారు. హోంవర్కు కూడా చేయించారు. అంత సుఖం వదిలి వాడు ఇంటికెందుకొచ్చాడో నాకైతే అర్థం కాలేదు."

సైరనమ్మ ముఖం చిన్నబోయింది. "స్వెటర్ తీసేస్తే జలుబు చెయ్యదూ?"

"కాగితం మీద పిల్లాడికి జలుబేంటే!"

"కాగితం మీదైతే మాత్రం? వాడికి నేను తప్ప ఎవరున్నారు?"

వదిన కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు తగ్గించింది.

"చూడవే. మొన్న నీ కూతురికి బస్సు తప్పితే నాకు ఫోన్ చేశావు. బ్రిడ్జి దగ్గర దాని చెప్పు ఒక్కటే దొరుకుతుందేమో అన్నావు. అది ఏ కాలి చెప్పో నేనెలా పోల్చుకుంటాను వదినా అని ఏడ్చావు. రోగికి వెయ్యాల్సిన సూది నా వేలికి గుచ్చుకున్నాను. అదేమో బస్టాపులో ఐస్‌క్రీమ్ తింటోంది! మాకందరికీ రోజూ ఊరికే పంచుతావే ఆ భయం, అది ఈ పుస్తకంలో ఏదీ? ఇంకో మాట. ఆ ఎర్ర రాతలు తీసెయ్. ఏం జరుగుతుందో ముందే చెప్పేస్తే ఇక చదవడమెందుకు?"

ఆ పూటంతా సైరనమ్మ వదినను మనసులో నానా మాటలూ అనుకుంది. అన్నీ అనుకున్నాక చూస్తే, ఆవిడ చెప్పినదాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు.

మర్నాడు కలం పట్టుకుని పిల్లాడి స్వెటర్ విప్పింది. విప్పుతూ కళ్ళొత్తుకుంది. దోమతెర పీకేసింది. ఎర్ర రాతలన్నీ కొట్టేసింది. తలుపు మూసి బయట గొళ్ళెం పెట్టేటప్పుడు "కాస్త ఓర్చుకోరా నాన్నా" అని పైకే అనేసింది.

"ఎవరితోనే మాటలు?" అన్నాడు భర్త గుమ్మంలోంచి.

"మీరు లోపలికెళ్ళండి. ఇక్కడ కుక్కల్ని వదలబోతున్నాను."

ఆయన గబగబా వెళ్ళిపోయాడు.

తిరగరాసిన సగం వదినకిచ్చింది. మధ్యాహ్నానికల్లా ఫోన్.

"మిగతా పేజీలేవే? పిల్లాడు గోడ మీదున్నాడు, కింద కుక్కలున్నాయి, అక్కడ ఆపేస్తావా! దిగాల్సిన స్టాపు దాటిపోయి డిపోలో కూర్చున్నాను. ఈసారి వాడు బతుకుతాడా లేదా?"

క్షేమంగా వస్తాడన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సైరనమ్మ దాన్ని మింగేసింది.

"చెప్పను వదినా."

"రాక్షసీ!"

అంత మంచి మాట ఆవిడను జన్మలో ఎవరూ అనలేదు. అదే ఊపులో మిగతా సగం ముగించి, ధైర్యం చల్లారకముందే ప్రచురణకర్తకు పంపేసింది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం ప్రచురణకర్త ఫోన్ చేసింది. 

"అమ్మా, మీ పుస్తకం వేస్తున్నాను. ఇప్పుడే ముగించాను. అది కాదుగానీ, మా అబ్బాయి బయటికెళ్ళాడు, ఇంకా రాలేదు. ఇన్నేళ్ళలో నాకెప్పుడూ ఇలా లేదు. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఇలాంటప్పుడు మీరేం చేస్తారు?"

సైరనమ్మ మిషన్ ఆపి, ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"ముందు వాడు ఏ రంగు చొక్కా వేసుకెళ్ళాడో చెప్పండి" అంది.