ఒక్కొక్కటిగారు

ఒక్కొక్కటిగారు నాలుగో తీగ కొనను కూడా సర్క్యూట్ బోర్డుకు తగిలించి, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకున్నారు. కరెంటు అలల్ని గీతలుగా చూపే ఆసిలోస్కోపు తెర మీద నాలుగు గీతలు నాలుగు రంగుల్లో కదిలాయి. ఆ బోర్డు బాగుచేతకు వచ్చిన పసిపిల్లల శ్వాసయంత్రంలోది. యంత్రం సాయంత్రానికి ఆసుపత్రికి చేరాలి. అక్కడ ఒక బిడ్డ అరువు తెచ్చిన యంత్రం మీద ఊపిరి తీస్తోంది.

పసుపు గీత నిదానంగా, బుద్ధిగా ఊగుతోంది.

“బాగానే ఉందిగా మాస్టారూ, పెట్టెలో పెట్టేయనా?” అంది ప్యాకింగ్ చూసే ఆమె.

“మరీ బుద్ధిగా ఉందమ్మాయ్. ఉండు.”

టకటకా మీటలు నొక్కి మిగతా మూడు గీతల ఛానెళ్లూ ఆపేశారు. ఆ నిదానపు అల కాస్తా మాయమై, దాని చోట ముళ్లకంపలా దట్టమైన గీతలు లేచాయి.

“ఇంతసేపూ దొంగవేషం వేసిందా?”

“దాని తప్పేం లేదు. ఈ స్కోపుకున్న చూపులు క్షణానికి ఇన్నేనని లెక్క. ఒక్కదాన్నే చూడమంటే అన్నీ దానికే. నాలుగింటినీ చూడమంటే పంచేస్తుంది. నాలుగు పొయ్యిల మీద పాలు పెట్టి తిరిగావనుకో, నువ్వు చూసినప్పుడల్లా అడుగునే కనిపిస్తాయి. మధ్యలో పొంగి అణిగింది నీకు తెలీదు.”

ఉబ్బిన కెపాసిటర్ తీసి కొత్తది అతికించారు. మళ్లీ ఒక్కో చోటా విడిగా చూశారు. ఒక్కొక్కటిగారన్న పేరు తోటివాళ్లు పెట్టింది ఇందుకే. ఇంట్లోనూ అంతే. భార్య నోరు విప్పితే చాలు, రేడియో కట్టేస్తారు, చేతిలో ముద్ద పళ్లెంలో పెట్టేస్తారు. ఒక పని చెబితే బంగారం, రెండు చెబితే బండరాయి అని ఆవిడ ఆడిపోసుకుంటుంది. అలా వినే మనిషి ఒక్కరుంటే ఎవరికైనా ఇంకేం కావాలి?

యంత్రాన్ని వ్యానెక్కించడానికి ప్యాకింగ్ ఆమె వెళ్లగానే ఫోను మోగింది.

“వంటింటి కుళాయి మళ్లీ కారుతోందండీ.”

“ఉండు.” టక్కున మీట నొక్కిన చప్పుడు. “ఆఁ, ఇప్పుడు చెప్పు.”

ఆవిడ కుళాయి సంగతి, బకెట్ సంగతి, రానన్న ప్లంబరు సంగతి చెప్పింది. ఆయన ఊ కొట్టారు. తర్వాత ఊ కొట్టడం మానేశారు. శ్రద్ధగా వినేటప్పుడు ఆయన తీరే అంత కనుక, ఆవిడ చెప్పుకుంటూ పోయింది.

వ్యాను వెళ్లిందని చెప్పడానికి వచ్చిన ప్యాకింగ్ ఆమెకు, కుర్చీలో వెనక్కి వాలిన మనిషి, భుజం మీద ఇంకా మాట్లాడుతున్న ఫోను కనిపించాయి.

కర్మలయ్యాక కొన్నాళ్లకు ఆయన కళ్లజోడు, టిఫిన్ డబ్బా తీసుకెళ్లడానికి భార్య వచ్చింది.

“పనిలో ఉన్నారో ఏమో. నేనే అడ్డమొచ్చి కుళాయి గోల మొదలుపెట్టాను. ఆ చివర్లో నా మాట విన్నారో లేదో కూడా తెలీదు.”

“యంత్రం బాగా నడుస్తోందని కబురొచ్చిందమ్మా. నేను దాన్ని తీసుకెళ్లేటప్పటికి ఈ స్కోపు మీద ఒక ఛానెల్ వెలుగుతూనే ఉంది,” అంది ప్యాకింగ్ ఆమె, ఆయన బల్ల వైపు చూపిస్తూ. “తిరిగొచ్చేసరికి ఇలా ఉంది. కట్టేయడానికి మాకెవరికీ చేతులు రాలేదు.”

భార్య ఆయన కుర్చీలో కూర్చుంది. స్కోపు సన్నగా రొద చేస్తోంది. నాలుగు ఛానెళ్ల దీపాలూ ఆపేసి ఉన్నాయి, తెర మీద గీత ఒక్కటీ లేకుండా ఖాళీ గళ్లు వెలుగుతున్నాయి.