ఏడుగురికి ఎనిమిది ముక్కలు

కంప్యూటర్ డిగ్రీ చేసి, చివరికి మూడో తరగతికి భిన్నాలు చెప్పే పనిలో తేలాను. అక్క కూతురు బుడంకాయదీ అదే క్లాసు. "దాన్ని ఓ కంట కనిపెట్టవే," అని అక్క మరీ మరీ చెప్పింది. క్లాసులో పిన్నీ అనొద్దని దానికి నేనూ చెప్పాను. వింటేగా.

బుడంకాయతో కలిపి ఉన్నది ఏడుగురు. గుండ్రటి కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి కత్తిరిస్తే ఎనిమిది సమాన భాగాలు. పాత టీచరు అలాగే నేర్పారట. పిల్లలు తలా ఒకటి తీసుకుని, మిగిలినదాన్ని కిటికీ పక్క ఖాళీ బెంచీ మీద పెట్టారు.

"అదెవరికి?"

"అక్కడ కూర్చునేవాళ్లకి," అంది రెండు జడల పిల్ల.

"అక్కడెవరూ లేరు కదే."

"మీరు కొత్త కదా టీచర్."

నవ్వొచ్చింది. అయినా లెక్క తేలకపోతే నాకు తోచదు. మర్నాడు ప్రోగ్రాం రాసి, వృత్తాన్ని కచ్చితంగా ఏడు భాగాలు చేసి ప్రింటు తీసుకెళ్లాను. ముక్కలు బల్ల మీద పెడితే వరసగా వచ్చి తీసుకున్నారు.

"అందరికీ అందిందా?"

"అందింది టీచర్."

బుడంకాయ చేతులు ఖాళీ. కిటికీ పక్క బెంచీ మీద ఒక ముక్క ఉంది.

"బుడంకాయకేదిరా?"

"అదెవరు టీచర్?" అన్నాడు రోజూ దాని పక్కన కూర్చునేవాడు. అంటూనే పుస్తకాల సంచి దాని ఒళ్లో పెట్టేశాడు, ఖాళీ చోటనుకుని. దాని పెదాలు పిన్నీ అంటున్నాయి. చప్పుడు లేదు.

బెంచీ మీది ముక్క లాగాను. రాలేదు. అటువైపు ఎవరో పట్టుకున్నారు. కొత్త కాగితం కత్తిరించి బుడంకాయ చేతిలో పెడితే, వేళ్ల మధ్య నుంచి జారి నేల మీద పడింది. అది ఆ వృత్తంలో భాగం కాదుగా.

"ఎవరైనా మీదాంట్లో కొంచెం ఇవ్వండర్రా," అన్నాను.

"ఇంకొకళ్లున్నారా?" రెండు జడల పిల్ల తన ముక్కను సగానికి చింపి గాల్లోకి చాపింది. ఆ చెయ్యి పట్టుకుని ఇటు తిప్పాను. బుడంకాయ అందుకుంది.

"పిన్నీ." పక్క గదిలోంచి వచ్చినంత సన్నగా వినబడింది.

సాయంత్రం గేటు దగ్గర అక్క దాన్ని ఎత్తుకుని ఆగిపోయింది. "ఏంటే, ఇది ఇంత తేలిగ్గా ఉంది? మధ్యాహ్నం తిన్లేదా?"

పక్కనే ఇంకో తల్లి రెండు జడల పిల్లను కిందికి దింపి, మళ్లీ ఎత్తి చూస్తోంది.