పరీక్షించినట్టు రాసి ఉంది

నాకు అనుమానం ఎక్కువ. ఆసుపత్రిలో పదకొండేళ్లుగా డాక్టర్లు రాసిన జబ్బులకు కోడ్లు వేస్తున్నాను. ఆడవాళ్ల బయటి జననాంగానికి క్యాన్సరైతే సి యాభై ఒకటి. అక్కడి పెద్ద పెదవికైతే దాని పక్కన సున్నా, చిన్న పెదవికైతే ఒకటి, ఏ చోటో రాయకపోతే తొమ్మిది. ఆ తొమ్మిది వేయాల్సి వస్తే నాకు ఒళ్లు మండుతుంది. అసలు చూశారా లేదా అని డాక్టరునే నిలదీస్తాను. ఆఫీసులో నన్ను పోలీసమ్మ అంటారు.

ఏడాది కిందట మా అత్తయ్య కుర్చీలో ఓ పక్కకు ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టింది. తన బట్టలు నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నామీద అలిగిందనుకుని అడిగేశాను.

"అలకేం కాదే. ఆ చోట దురద. డాక్టరు పూతమందు రాశాడులే" అంది.

చీటీ లాక్కుని చదివాను. పరీక్షించాను, ఏమీ లేదు అని ఉంది. రాయనిది జరగనట్టే, రాసింది జరిగినట్టే అన్నది మా పనిలో మొదటి పాఠం.

"ఏమీ లేదని రాశారుగా అత్తయ్యా" అన్నాను. వంటింటి పని ఎగ్గొట్టడానికి నాటకాలని మా ఆయన చెవిలో ఊదాను కూడా.

ఎనిమిది నెలల తర్వాత ఆవిడ నానబెట్టిన లోదుస్తుల మీద నెత్తురు చూశాను. ఆ రోజే లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ తెర లాగి, పడుకోబెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత రిపోర్టు వచ్చింది. ఎడమ పెద్ద పెదవికి క్యాన్సర్, నాలుగు సెంటీమీటర్లు. గజ్జల్లో బిళ్లలు కట్టాయి. ఆపరేషన్ చేయగలరో లేదో స్కాన్ చూశాకే చెబుతామన్నారు.

తిరుగు బస్సులో అడిగాను. "అప్పుడు ఆ డాక్టరు ఎలా చూశాడు అత్తయ్యా?"

"చూడ్డమా? బల్ల అవతలే కూర్చుని రాసేశాడు. మగాడాయె, నేనూ బతుకుజీవుడా అని లేచొచ్చేశా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే చీటీ నీ చేతిలో పడనిచ్చా. నువ్వు చదివి ఏమీ లేదన్నావు. రోజూ ఇవే చూసేదానివి కదా, నిజమేననుకున్నా."

అనుమానంతో ఆవిడ కూర్చునే తీరును సైతం తప్పుపట్టినదాన్ని, ఆ చీటీని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నేను ఏడుస్తుంటే, నొప్పితో ఓ పక్కకు ఒరిగి కూర్చున్న అత్తయ్యే నా వీపు నిమిరింది.