జీడి పూసిన పిడులు

“సీసాడు కొబ్బరినూనె ఏటైపోయిందే? తాగేసినావేటి?” ఖాళీ సీసాను కూతురి ముందు బోర్లించింది రాజకుమారి.

“నా జడకి అంత నూనె పడతాదా అమ్మా? తరుణ్‌ని అడుగు.”

“నానేటి, గారెలొండుకున్నానా?” తమ్ముడు కిసుక్కున నవ్వాడు. “అప్ప జడ కొబ్బరి పీచులాగుంతాది. పీపాడు పోసినా సాలదు.”

సంధ్య తమ్ముడి చేతుల వైపు చూసింది. జీడిపిక్కలు కొట్టేవాళ్లు తొక్కలోని జీడి అంటి చర్మం కాలకుండా ముందు చేతులకు నూనె పట్టిస్తారు. నిన్న సాయంత్రం తరుణ్ చేతులు మోచేతుల దాకా నిగనిగలాడాయి.

బడి వదిలే వేళ సైకిల్ స్టాండులో తరుణ్, అతని స్నేహితుడు జయకృష్ణ పచ్చి పిక్కలు చితక్కొట్టి, ఆ జీడిని యువరాజు బండి పిడులకు పూస్తుంటే సంధ్య చూసింది. యువరాజు సంధ్యతో పాటే పదో తరగతి. కాళ్లు పనిచేయవు. చేతులతో పిడులు తిప్పుకుంటూ మూడు చక్రాల బండి మీద వస్తాడు. “నువ్వు సూడనేదు,” అని తరుణ్ కన్ను కొట్టాడు. ఆమె నవ్వింది. స్నేహితురాలు పిలుస్తుంటే వెళ్లిపోయింది.

ఈరోజు యువరాజు బడికి రాలేదు. సాయంత్రం సంధ్య కొబ్బరితోటల చివర ఉన్న వాళ్లింటికి వెళ్లింది.

గుమ్మంలోంచే చూసింది. చాప మీద పడుకున్న యువరాజు చేతులు అరటాకు మీద పరిచి ఉన్నాయి. అరచేతుల నిండా బొబ్బలు. వేళ్లు ముడవలేనంతగా ఉబ్బిపోయాయి. దారిలో చెమట తుడుచుకున్నాడట, ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఇంట్లోనూ అతను చేతుల మీదే జరుగుతాడు. పొద్దున్నుంచీ దొడ్డికి కూడా తల్లే ఎత్తుకెళ్తోంది.

చిన్నప్పుడు పిక్క కొరికితే పడిన మచ్చ సంధ్య పెదవి చివర ఇంకా ఉంది. జీడి అంటితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. నిన్న నవ్వినప్పుడూ తెలుసు.

“నా సేతులేనమ్మా,” అంది అతని తల్లి ఎర్రమ్మ. “పలాసలో పిక్కల పనిసేసొచ్చి, సరిగ్గా కడుక్కోకుండా బండి తుడిసినాను కాబోలు. నా గుంటడికి నానే ఇలాగ సేసుకున్నాను.”

“ఆ పని మానీమన్నానా నేదా?” యువరాజు తల్లి మీద అరిచాడు. తర్వాత సంధ్య వైపు తిరిగి, “నువ్వొక్కర్తివే వొచ్చినావు,” అన్నాడు మెల్లగా.

సంధ్య చెప్పులేసుకుని ఇంటికి వచ్చేసింది.

భోజనాల దగ్గర తరుణ్ చేపముల్లు తీసుకుంటున్నాడు. ఆ వేళ్ల మీద చిన్న గీత కూడా లేదు.

“నీ సేతులకైతే నూనె రాసుకున్నావు,” అంది సంధ్య.

తరుణ్ తల ఎత్తలేదు. “ఏటా గొడవ?” అన్నాడు తండ్రి పోలారావు. సంధ్య అంతా చెప్పింది. రాజకుమారి చేతిలో గరిటె గాలిలోనే ఉండిపోయింది.

పోలారావు గ్లాసుడు నీళ్లు తాగి, “ఎర్రమ్మ తన సేతులే అనుకుంతంది కదా,” అన్నాడు. “అలాగే అనుకోనీ. ఊర్లో తలెత్తుకు తిరగాల.”

సంధ్య తండ్రిని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. అన్నం కంచం పక్కకు జరిపింది.

“రేపు పొద్దున్న ఎర్రమ్మత్తింటికి ఎల్తాను నాన్నా. పూసింది తరుణేనని, సూసి నవ్వి ఎలిపోయింది నేనని యువరాజు ముందే సెప్తాను. ఈడొత్తే ఇద్దరం. రాకపోతే నేనొక్కర్తినే.”