నిన్నటి శబ్దానికి రాగులు ఎగరవు

ఆదివారం వచ్చిందంటే ఈశ్వరప్ప ఇంట్లో పని ఒకటే. సంగటి తిని, గొర్రెలను తోలే ముందు, ముగ్గురూ వసారాలో చేరి ఏదో ఒకటి తయారు చేయడం. ముదిగుబ్బ బడిలో సైన్సు చెప్పే సోమప్ప అయ్యవారు పెట్టిన పని అది. బడిలో సామాను లేదు. ఉన్న ఒక్క అయస్కాంతాన్నీ ఎవరో జేబులో వేసుకుపోయినారు. అందుకని ఆయన, "ఇంట్లో ఉండే వస్తువులతోనే చేయండి. అమ్మానాయనలు కూడా చెయ్యి వేయాల. లేకుంటే మార్కులు లేవు" అన్నాడు.

మార్కులు ఏడో తరగతి చదివే చెన్నమ్మకు గానీ, సరదా మాత్రం వాళ్ళ నాయనదే. మూడో తరగతిలో పలక పారేసిన మనిషి, కూతురు నోరు తెరవకముందే కత్తెర పట్టుకుని ముందుకు జరిగేవాడు. అగ్గిపెట్టెలకు ధర్మవరం పట్టుదారం కట్టి టెలిఫోను చేసినారు. అట్టపెట్టెకు సూదితో చిల్లి పొడిచి, నూనె కాగితం మీద తమ పొట్టేలును తలకిందులుగా చూసి పడీ పడీ నవ్వినారు. చెన్నమ్మ తల్లి అంజనమ్మ కూడా తక్కువదేమీ కాదు. రబ్బరు గొట్టంతో ఒక చెంబులో నీళ్ళు ఇంకో చెంబులోకి తనంతట తానే లాగించింది. ఆ నీళ్ళు ఒక్క బొట్టు కింద పడనీయకుండా మళ్ళీ కుండలో పోసింది కూడా.

ఆ వేసవిలో చేసింది అదురు డబ్బా. ఖాళీ డాల్డా డబ్బా మూతికి, కదిరి తిరునాళ్ళలో కొన్న బుడగను చీల్చి బిగించినారు. దాని మీద నాలుగు రాగి గింజలు వేసినారు. డబ్బాను సగం నేలలో పాతినారు. నేల అదిరితే గింజలు ఎగరాల. అంతే.

పరీక్ష చేసింది బావి గట్టున. వాళ్ళ బావికి ఒక అలవాటు ఉంది. పడిన శబ్దాన్ని వెంటనే తిరిగి ఇవ్వదు. ఒక రోజు ఉంచుకుని, మర్నాడు సరిగ్గా అదే వేళకు ఇస్తుంది. ఒక్కసారే ఇస్తుంది, రెండోసారి అడిగినా ఇవ్వదు. ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఈశ్వరప్ప తల్లి బతికున్నప్పుడు, "ఉప్పు అయిపోయింది, తెచ్చుకోవాల" అని బావిలో చెప్పిపెట్టుకుని, మర్నాడు విని అంగడికి పోయేది.

ఈశ్వరప్ప గట్టు మీద బండను గడ్డపారతో ఖంగుమని కొట్టినాడు. గింజలు ఎగిరినాయి. మర్నాడు అదే ఖంగు బావిలోంచి వచ్చింది. గింజలు కదల్లేదు. చెన్నమ్మ నోటు పుస్తకంలో రాసుకుంది: "నిన్నటి శబ్దం చెవికి తెలుస్తుంది. నేలకు తెలియదు." అయ్యవారు పదికి తొమ్మిది వేసినాడు. ఆ ఒక్క మార్కు ఎందుకు కోసినాడని ఈశ్వరప్ప వారం రోజులు గొణిగినాడు.

ఇంతవరకూ నవ్వుతూనే చెప్పినాను. ఇక నవ్వు రాదు.

అది ఎనభై మూడో సంవత్సరం. వరసగా మూడో ఏడు వాన మొహం చాటేసింది. బావిలో నీళ్ళు రెండు బిందెలకు వచ్చి, ఒక బిందెకు వచ్చి, ఆఖరికి బండ బయటపడింది. ఆ బండను పగలగొట్టి రెండు మూరలు దిగితే తప్ప గొర్రెలు దక్కవు. ఊళ్ళో బావుల్లో బండలు పేల్చే మందు పెట్టే మాబాషాను పిలిపించినారు. బండకు నాలుగు గుంతలు కొట్టి, నాలుగు తోటాలు కూరి, వత్తులు అంటించి పైకి వచ్చేయడం అతని పని. పైనుంచి పేలుళ్ళు లెక్కపెట్టాల. నాలుగు అంటిస్తే నాలుగు వినపడాల. ఒకటి తగ్గిందంటే, పేలని తోటా రాళ్ళ కింద కాచుకుని ఉన్నట్టే.

అంజనమ్మకు ఆ లెక్క బాగా తెలుసు. తనకల్లు దగ్గర ఒక బావిలో అట్లాంటి తోటా మీదే ఆమె తమ్ముడు గడ్డపార దించినాడు. ఇంటికి వచ్చింది చెప్పులు మాత్రమే. మాబాషా వచ్చిన పొద్దు ఆమె చారులో రెండుసార్లు ఉప్పు వేసింది.

మాబాషా వత్తులు అంటించి, మెట్ల బండలు పట్టుకుని ఎగబాకి వచ్చినాడు. అందరూ రాళ్ళగుట్ట వెనక్కి పరుగెత్తినారు. చెన్నమ్మ అక్కడికి మార్చి పాతిన డబ్బా పక్కన బోర్లా పడుకుంది.

ఢాం. ఢాం. ఢాం.

గాలి కూడా ఆగినట్టయింది. అంజనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఢాం.

"నాలుగు! సరిపోయింది ఈశ్వరన్నా. పొగ పోయినాక దిగు. నాకు పక్కూళ్ళో ఇంకో బావి ఉండాది" అని మాబాషా సైకిలెక్కి పోయినాడు.

పొగ పల్చబడింది. ఈశ్వరప్ప గడ్డపార భుజానేసుకుని నాలుగు మెట్లు దిగినాడు. అప్పుడు వచ్చింది చెన్నమ్మ పరుగున. గట్టు మీద బోర్లా పడి, బావిలోకి ప్రాణమంతా పెట్టి అరిచింది.

"దిగొద్దు నాయనా!"

గొర్రెలు బెదిరి మూల చేరినాయి. ఈశ్వరప్ప తలెత్తినాడు.

"ఏమే, గుండె ఆగిపాయ నాకు! ఏమైంది?"

"రాగులు మూడుసార్లే ఎగిరినాయి. నాలుగో దానికి కదల్లేదు."

"నాలుగు నా చెవులతో విన్న్యా. మాబాషా విన్న్యాడు. మీయమ్మ విన్నాది. నీ రాగులకేమన్నా చెవుడొచ్చెనేమో!"

"అది నిన్నటిది నాయనా. నిన్న రోడ్డు మీద లారీ టైరు పేలె గదా. ఆ శబ్దం."

ఈశ్వరప్ప గడ్డపారను మెట్టు మీద ఆనించినాడు. నిన్న టైరు పేలిన మాట నిజమే. "అది కదిరి బస్సు పోయినాక పేలె. బస్సు పదికి. ఇప్పుడు మిట్టమధ్యానం. ఆ శబ్దం ఈపొద్దు పదికే బావిలోంచి వచ్చి పోయింటాది. సమ్మెట మోతలో మనకు వినపడల్యా."

ఇదీ వాళ్ళు చేసిన తప్పు. ఆ ఇంట్లో గడియారం లేదు, ఉన్న గడియారం బస్సే. బస్సు ఎప్పుడు వస్తే అప్పుడు పది.

"యోవ్," అంది అంజనమ్మ. "నిన్న బస్సు ఎప్పుడొచ్చెనో ఎవరు చూసిన్యారు? బస్సు పోయినాక నేను బియ్యం కడిగి ఎసట్లో వేసిన్యా. ఎండ నడినెత్తిన ఉన్నెట్టుంది."

"ఉన్నెట్టుందా, ఉన్నెనా?"

"నాకు తెల్దు! పైకి రా!"

"అరే, గొర్రెలు నాలికలు బయటపెట్టినాయి. ఈ రాళ్ళు ఎవురు తీస్తారు, మీ రాగులా?"

చెన్నమ్మ ఏడుస్తానే లెక్క చెప్పింది. "రేపు ఇదే యాళకి బావే చెప్తాది నాయనా. ఈపొద్దు నిజంగా పేలినవే తిరిగి ఇస్తాది. టైరుది ఒకసారి ఇచ్చేసింది, మళ్ళీ ఇయ్యదు. నాలుగు వస్తే దిగు. మూడొస్తే..."

మూడొస్తే ఏమిటో ఆ పిల్ల చెప్పలేదు. అంజనమ్మ అప్పటికే గట్టు మీద కాళ్ళు చాపి, దిగే దారికి అడ్డంగా కూర్చుంది. "నన్ను తొక్కుకోని దిగు" అంది. ఈశ్వరప్ప తిట్టుకుంటా పైకి వచ్చినాడు. నీడ ఎక్కడిదాకా వచ్చిందో చూసి, ఈసారి బస్సును నమ్మకుండా, చెన్నమ్మ గట్టు మీద బొగ్గుతో గీత గీసింది.

ఆ రోజు ఎట్లా గడిచిందో అడగొద్దు. సంగటి గిన్నెలోనే ఎండింది. రెండు గొర్రె పిల్లలు పడిపోయినాయి. వాటిని చూసి ఈశ్వరప్ప మూడుసార్లు గడ్డపార తీసుకున్నాడు, మూడుసార్లూ అంజనమ్మ వెళ్ళి గట్టు మీద కూర్చుంది. మర్నాడు పొద్దున్నే ఆమె కుంకుమ పెట్టుకుని, దాని మీదే మళ్ళీ ఒకసారి పెట్టుకుంది. అది చూసి ఈశ్వరప్ప నాలుగోసారి ఎత్తబోయిన గడ్డపారను కింద పెట్టినాడు.

నీడ గీత దగ్గరికి వచ్చింది. ముగ్గురూ డబ్బాను తెచ్చి గట్టు పక్కన పాతి, గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. గడ్డపార ఈశ్వరప్ప ఒళ్ళోనే ఉంది.

ఢాం, అంది బావి. నేల కదల్లేదు.

ఢాం.

ఢాం.

అంజనమ్మ మొగుడి చొక్కా పట్టుకుంది. చెన్నమ్మ వేలు మూడో కణుపు మీద ఆగిపోయింది. బావిలో ఒక గులకరాయి జారి, ఎక్కడో తగిలి, ఊరుకుంది. నాలుగోది రావాల. నిన్న ఇంతసేపు కాలేదు. వస్తుందేమో. ఈశ్వరప్ప మెడ ముందుకు చాచినాడు. రావాలని కోరుకున్నాడో, రాకూడదనుకున్నాడో ఆయనకే తెలియదు.

పొగ పల్చబడినంతసేపు గడిచింది. అప్పుడు, నాలుగోది రావలసిన లోతులోంచి, వచ్చింది ఒక పిల్ల గొంతు.

"దిగొద్దు నాయనా!"

గడ్డపార ఆయన ఒళ్ళోంచి జారి గట్టు మీద పడింది. పక్కన డబ్బా మీద రాగులు నాలుగూ ఎగిరినాయి.

ఈశ్వరప్ప మాబాషాకు కబురు పంపినాడు. అతను వచ్చి, మూడు మాత్రమే తిరిగి వచ్చినాయని విని, తెల్లబోయి టోపీ తీసి తల పట్టుకున్నాడు. రాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి, ఉత్తర మూల గుంతలో ఆరిపోయిన వత్తిని చూపించినాడు. దానికి దూరంగా ఇంకో గుంత కొట్టి, రెండూ కలిపి పేల్చినాడు. ఈసారి రాగులను కూడా అడిగినాడు.

కానీ అదంతా తర్వాత. ఆ పూట, కబురు పంపకముందే, ఈశ్వరప్ప గట్టు మీద బోర్లా పడుకుని, తల బావిలోకి వంచి, మెల్లిగా ఒక మాట అన్నాడు. పక్కనున్న అంజనమ్మకు కూడా సరిగా వినపడలేదు.

మర్నాడు నీడ గీత దాటినాక, గొర్రెలను కట్టడానికి వచ్చిన అంజనమ్మకు అది వినపడింది. ఆమె తాడు పట్టుకునే నిలబడిపోయింది.

"దిగనులే తల్లీ," అంది బావి.