మీసం లేని త్రినాథ్

బొమ్మ మీసం దగ్గరికొచ్చేసరికి తాయారు చెయ్యి ఆగిపోతుంది. టోపీ మీద కాకిరెట్ట రుద్దుతుంది. భుజాల మీద ఉప్పుగాలి పూసిపోయిన తెల్లటి పొర తుడుస్తుంది. చేతిలో తుపాకీకి కూడా ఓ చెంబెడు నీళ్ళు పోస్తుంది. మీసం తుడవాలంటేనే మొహమాటం. అది అలాంటిలాంటి మీసం కాదు మరి. ఆ కొన మీద ఓ పిచ్చుక జంట, ఈ కొన మీద ఓ పిచ్చుక జంట కాపురాలు పెట్టి, పిల్లల్ని కని, పెంచి పెద్దచేసి పంపేసినా ఇంకా అద్దెకివ్వడానికి చోటు మిగులుతుంది. మొన్నటి తిత్లీ తుఫాను నేరుగా ఈ రేవు మీదికే వచ్చి, మీసాన్ని చూసి జడుసుకుని పలాస వైపు మళ్ళిపోయిందని మావ సూరయ్య చెబుతాడు. చెప్పడమేమిటి, ఒట్టేస్తాడు.

తాయారు మొగుడు త్రినాథ్‌కి బతికుండగా మీసం లేదు. ఉండకూడదని కాదు, మొలిచేది కాదు. పై పెదవి మీద దారి తప్పిన చీమల్లా నాలుగు వెంట్రుకలు. వాటిని అద్దంలో చూసుకుని, "ఒసే తాయీ, ఈ పంట ఎప్పుటికి కోతకొస్తాదంటావే?" అని అడిగేవాడు. బొమ్మలు చేసే ఆయన ఫొటో కోసం వచ్చిన రోజున తాయారు ఇంట్లోనే ఉంది. సూరయ్య ఫొటో ఇస్తూ, "దీన్లో సిన్న గుంటడిలాగున్నాడు బాబూ. మీసం ఎట్టండి. సూసినోడు అదిరిపోవాల" అన్నాడు. బొమ్మలాయన తలుపు పక్కన నిలబడ్డ తాయారు వైపు ఒకసారి చూశాడు. తనని కూడా అడుగుతాడేమో అనుకుంది. అడగలేదు. అడక్కపోతే మాత్రం తను చెప్పొచ్చు కదా! మీసం వద్దండీ, ఆయనకి లేదండీ అంటే నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా? అనలేదు. టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ముందు మీసం వస్తుంది, దాని వెనకాల మొగుడొస్తాడు. ఈమధ్య మీసం ఒక్కటే వచ్చి వెళ్ళిపోతోంది.

ఆ రేవు శ్రీకూర్మం దాటి, ఆటో చక్రం ఇసకలో దిగబడేదాకా పోతే వస్తుంది. అక్కడ పుట్టిన మగపిల్లాడికి నడక కంటే ముందు ఈత వస్తుంది. త్రినాథ్‌కి ఈత వచ్చింది గానీ పడవ పడలేదు. రెండో కెరటం దాటేసరికి కడుపులో ఉన్నదంతా బయటికి. "మా వోడు ఏటకెల్లనేదర్రా, సేపలకి బువ్వెట్టడానికెల్లినాడు" అని అప్పట్లో రేవంతా నవ్వించింది ఈ సూరయ్యే. పడవలు వెళ్ళిపోయాక త్రినాథ్ ఆడవాళ్ళ మధ్య కూర్చుని వలలకి అతుకులు వేసేవాడు, తాయారు గంపలోకి మంచి చేపలు ఏరి పెట్టేవాడు. తాయారుకి సొంత మేనత్త మరిడమ్మ కొడుకే అతను. మనువాడాక కూడా తాయారు బావా అనే పిలిచేది. సముద్రం పడనివాడికి నేల మీదే బతుకని, విజయనగరంలో ఆర్మీ సెలక్షన్లకి పోయి పరుగులో నెగ్గి సైన్యంలో చేరాడు. సరిహద్దులో అటూ ఇటూ గుండ్లు కురిసిన ఓ చలికాలం పోయాడు. అది యుద్ధం కాదని పేపర్లలో రాశారు. గుండు పేపరు చదవదు కదా.

మొదటి ఏడాది సూరయ్య చెప్పిన కథలో శత్రువులు నలుగురు. మరుసటేడు లారీకి పట్టనంతమంది అయ్యారు. ఇప్పుడు వాళ్ళని లెక్కపెట్టడానికి వాళ్ళ దేశంలో మనుషులు చాలడం లేదు. పోనీ, కొడుకుని పోగొట్టుకున్న తండ్రి ఏదో ఒకటి పెంచుకోవాలి కదా, కథని పెంచుకున్నాడు. అయితే ఆ కథకి టీ కావాలి. బొమ్మ చూడ్డానికి వచ్చేవాళ్ళకి, దండ వెయ్యడానికి వచ్చేవాళ్ళకి, దండ వేసినవాళ్ళని ఫొటో తియ్యడానికి వచ్చేవాళ్ళకి టీ. కాచేది తాయారు, అందించేది తాయారు, గ్లాసులు కడిగేది తాయారు. గంప మాత్రం ముట్టకూడదు. "ఈరనారి నెత్తి మీద సేపల గంపేటే? దేశానికి నామోసీ కాదేటి?" అన్నాడు సూరయ్య. గంప మోసే రోజుల్లో అరసవల్లి వైపు వీధుల్లో ఆమె ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో గురకపెట్టేవాడు కూడా సంచీ పట్టుకుని దిగొచ్చేవాడు. ఆ గొంతు ఇప్పుడు "పంచదార సరిపోయిందా అండీ?" అని అడగడానికి తప్ప పైకి లేవడం లేదు.

వీరనారి అన్నమాట ముందు ఫ్లెక్సీ మీద వచ్చింది. రేవు ముసలమ్మల నోట్లో పడి ఈరమ్మ అయింది. సెలక్షన్లకి వెళ్ళే కుర్రాళ్ళు పొద్దున్నే వచ్చి ఈరమ్మ చేత బొట్టు పెట్టించుకుని పోతారు. ఆ చుట్టుపక్కల ఏ ఊరికెళ్ళినా ఓ పేరంటాలు గుడి ఉంటుంది. ఏ పేరంటాలికైనా ముందు ప్రాణం పోవాలి, ఆ తర్వాతే గుడి. తాయారు విషయంలో ఊరు అంతవరకు ఆగలేకపోయింది.

అసలు సంగతి ఆమెకి తెలుసు. త్రినాథ్‌తో పనిచేసిన హరిబాబుది కొత్తవలస. సెలవుకి వచ్చినప్పుడు వెతుక్కుంటూ వచ్చాడు. ఆ పూట సూరయ్య ఇంట్లో లేడు. మరిడమ్మ పెరట్లో చేపలు తోముతోంది. "వదినా, ఆ రోజు మంచు మా సెడ్డగా పడతన్నాది. టీ తెచ్చీవోడికి జొరమొచ్చిందని కెటిలు మావోడే అందుకున్నాడు. కాపలా గుంట గుంటకీ ఎల్లి పోసినాడు. ‘తాగీయండ్రా, సల్లారిపోతాది’ అన్నాడు. అదే ఆకరి మాట. ఎనక్కి తిరిగినాడు, గుండు పడిపోనాది" అన్నాడు హరిబాబు. "పంచదార ఎక్కువేసీవోడు వదినా" అని కళ్ళు తుడుచుకున్నాడు. సాయంత్రం సూరయ్య వచ్చి, "ఏటన్నాడే, మనోడి దెబ్బకి ఎంతమంది పడ్డారంటాడు?" అని ఆశగా అడిగాడు. "సానామంది మావా" అంది తాయారు. ఎందుకలా అందో ఇప్పటికీ తెలీదు.

ఆ రేవులో మగవాణ్ణి సముద్రం తీసుకుపోతే, ఏడాది గడిచాక మారుమనువు మామూలే. అడిగేవాడి తరఫున అక్కో అమ్మో తమలపాకు తెస్తుంది. ఆడది తన చేత్తో అందుకుంటే ఒప్పుకున్నట్టు, అందుకోకపోతే లేదు. మధ్యలో ఎవరూ నోరు పెట్టకూడదు. మరిడమ్మే అలా వచ్చింది సూరయ్య ఇంటికి. ఆమె మొదటి మొగుడు రాముడు వేటకెళ్ళి పడవతో సహా తిరిగి రాలేదు.

లక్ష్ముడిది ఐసు బండి. శ్రీకాకుళం నుంచి రేవుకి ఐసు తెస్తాడు. భార్య పోయి కొన్నేళ్ళయింది. త్రినాథ్‌కి తుపాకీ, మీసం లేని రోజుల సంగతి మాట్లాడే మగాడు ఊరు మొత్తానికి అతనొక్కడే. "నా బండెక్కి కూసోని ఐసు ముక్కలు నమిలీసీవోడు మీ ఆయన. సరుకు సగం ఆడి కడుపులోకే" అని ఓసారి నవ్వాడు. ఆ నవ్వు విన్నప్పుడు తాయారుకి ఒక్క క్షణం మీసం లేని ముఖం కనబడింది. అందుకే లక్ష్ముడి అక్క కూర్మమ్మ ఆకు పట్టుకుని మెట్లెక్కుతుంటే ఎవరూ కేకెయ్యకముందే ఆమె టీ పెట్టేసింది.

కూర్మమ్మ చేసిన పొరపాటు ఒక్కటే. గోడ మీద పతకాలు, ఫొటోకి దండలు చూసి తత్తరపడి, ఆకు ఉన్న పళ్ళెం సూరయ్య ముందు పెట్టేసింది.

"ఏటి కూర్మమ్మా, ఎవులికి?"

"మా లక్ష్ముడికి, సూరయ్యన్నా. తాయారుని అడుగుదామని..."

"ఓలమ్మ! దేశం ఒప్పుకుంటాదేటి?"

"దేశాన్ని అడగనేదన్నా. ఆకు ఒకటే తెచ్చినాను."

సూరయ్యకి నవ్వు రాలేదు. "మామూలు ఆడదైతే ఈపాటికి నానే మనువు సేసీవోణ్ణి. ఇది ఈరనారి. రేపు పెద్దోలొచ్చి బొమ్మకి దండేసి, పెల్లామేదంటే ఏటి సెప్పాల? ఐసు బండి మీదున్నాదని సెప్పాలా?" అని ఆకు అరుగు మీదికి తోసేశాడు.

తాయారు టీ గ్లాసులతో తలుపు పక్కనే ఉంది. మళ్ళీ అదే తలుపు. అందరూ ఆమె వైపు చూశారు. మళ్ళీ ఎవరూ అడగలేదు. గ్లాసు అందించింది. కూర్మమ్మ ఊదుకుంటూ తాగి, ఖాళీ పళ్ళెం పట్టుకుని వెళ్ళిపోయింది. ఆకు అరుగు మీదే ఉండిపోయింది. మరిడమ్మ వచ్చి, ఏమీ ఎరగనట్టు దాన్ని తీసి కొంగులో వేసుకుంది.

ఆ మధ్యాహ్నం పెరట్లో అత్తాకోడళ్ళు చేపలు కోస్తున్నారు.

"ఏటే, కత్తిపీట ముందు కల్లు మూసుకుంతావు? ఏలు తెగుతాది."

"బావ ముకం ఎతుకుతన్నానత్తా. దొరకట్నేదు. మీసమే వస్తన్నాది." తాయారు కత్తిపీట పక్కకి జరిపింది. "ఇంకోడి ఇంటికెల్తే ఆ కాస్తా పోతాదేమోనని బయ్యం."

మరిడమ్మ చేప పొలుసు గీకుతూ గీకుతూ ఆగింది. "మా రాముడికి ఎడం సెవి కింద మచ్చ. నవ్వితే ఒక కన్ను మూసుకుపోయీది. మీ మావతో ఇన్నేల్లు కాపురం సేసినాను, పిల్లణ్ణి కన్నాను. ఆడి ముకం ఒక్కనాడూ సెరగనేదు."

"ఎలాగత్తా?"

"ఆడికెవులూ బొమ్మ కట్టనేదు గదే."

మరిడమ్మ ఇంకో చేప అందుకుంది.

"ఆ కొత్తవలస గుంటడు సెప్పింది నానూ ఇన్నాను" అంది మరిడమ్మ. "నా కొడుకు పడవెక్కలేనోడు, నలుగురికి టీ పోసీవోడు. ఈ మీసాలోడెవులో నాకు తెల్దు. మీ మావ ఏడుపు ఆ కతల్లో పడి పోతాది గదాని ఒగ్గీసినాను. ఒగ్గకుండా ఉండాల్సింది. ఆడి ఏడుపు పోనేదు, మన పిల్లడే పోనాడు."

ఆమె కొంగు ముడి విప్పింది. ఆకు కొంచెం వాడింది. "ఇది మీ మావకి తెచ్చింది కాదు. తిరగ్గొట్టడానికి ఆడెవులు?" అంది.

తాయారు చేతినిండా పొలుసులు. నీళ్ళతో కడుక్కుని, చీరకి తుడుచుకుని, కుడిచేత్తో ఆకు అందుకుంది.

మర్నాడు పొద్దున్నే సెలక్షన్ల కుర్రాళ్ళొచ్చారు. సూరయ్య అప్పటికే కథలో కొండెక్కేశాడు. "గుండ్లు అయిపోనాయి. అయిపోతే ఏటి? మా వోడు మీసం ఇలాగ తిప్పినాడు..." అంటూ లోపలికి చూసి, "తాయారూ, టీ!" అని కేకేశాడు.

తాయారు టీ తెచ్చింది. ఒక్కొక్కరి చేతికీ గ్లాసిచ్చింది. "తాగండి, సల్లారిపోతాది" అంది. "మీ అన్న ఆకరున అన్న మాట అదే. సేతిలో ఉన్నది తుపాకీ కాదు, టీ కెటిలు. మీసం నేదు. పడవెక్కితే వాంతులు. ఎల్లాలనుంటే ఎల్లండి, ఇది కూడా తెలుసుకుని ఎల్లండి. బొట్టు మీ అమ్మల సేత ఎట్టించుకోండి."

మీసం తిప్పి చూపిస్తున్న సూరయ్య చెయ్యి కిందికి దిగింది. ఆ కథకి తర్వాతి మాట అతనికి దొరకకపోవడం అదే మొదలు. ఆ ముఖం చూస్తే తాయారుకి జాలేసింది. హరిబాబు వచ్చిన సాయంత్రమే చెప్పి ఉంటే ముసలాడు ఇంత ఎత్తు నుంచి పడేవాడు కాదు.

సూరయ్య తన గ్లాసు అందుకుని, "ఆడికి టీ కాయడం వచ్చునేటే?" అని అడిగాడు.

"ఎవులు కాసినా పంచదార బావే కలిపీవోడంట మావా. ఎక్కువేసీవోడంట."

సూరయ్య గ్లాసులోకి చూస్తూ తలూపాడు. కొడుకు పోయాక కథ చెప్పకుండా ఏడవడం కూడా అతనికి అదే మొదలు.

"బొమ్మ కడిగే బకెట్టు నూతి కాడున్నాది మావా" అని చెప్పి తాయారు వాకిట్లోకి నడిచింది. మరిడమ్మ అటకమీది గంప దించి, దులిపి, రేవు నుంచి తెచ్చిన చేపలు కూడా నింపి సిద్ధంగా ఉంచింది. నిండు గంప ఒకరు ఎత్తనిదే నెత్తికి రాదు. అత్త ఓ పక్క పట్టింది. లేచింది గంప.

వీధి చివర ఐసు బండి హారన్ మోగింది. దారిలో బొమ్మ. టోపీ మీద కాకి, మీసం మీద ఎండ. అయిదేళ్ళుగా రోజూ ఒళ్ళు తోమిన బొమ్మ. ఎవరో పరాయి మగాడి ముందు నుంచి వెళ్తున్నట్టు తాయారు పైట సవరించుకుని, తల దించకుండా దాటిపోయింది.