ఎక్కువ తేలిన సరుకు

తిరుమణి వైన్‌షాపులో సరుకు ఎక్కువ తేలిందని మొదటిసారి కనబడినప్పుడు పద్మాక్షి తన లెక్కే తప్పనుకుంది. చెంగు నడుముకు దోపుకుని అరలన్నీ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ ఎక్కువే వచ్చింది. బీర్లు సరిపోయాయి, రమ్ము సరిపోయింది. చవక విస్కీ ప్యాకెట్లు మాత్రం కంప్యూటర్ చెప్పినదానికంటే అరలో ఎక్కువున్నాయి. పండ్లరసం డబ్బాలా అట్టతో చేసిన ఆ చిన్న ప్యాకెట్లే ఆ ఊళ్ళల్లో అన్నిటికంటే ఎక్కువ పోయే సరుకు.

పద్మాక్షి అత్తవారిది పావగడ బజారులో కిరాణా అంగడి. సోలార్ పార్కు వచ్చాక ఈ పక్క ఊళ్ళలో భూములకు బాడిగ రావడం మొదలైంది. అది చూసి ఆమె భర్త గోవిందరాజు ఎవరిదో పాత లైసెన్సు చేజిక్కించుకుని తిరుమణిలో మందు అంగడి పెట్టాడు. బంధువుల ముందు ఆ ఇంట్లో ఎవరూ వైన్‌షాపు అనరు, 'తిరుమణి అంగడి' అంటారు. కౌంటర్లో పద్మాక్షి తమ్ముడు ప్రమోద్ కూర్చుంటాడు. సర్కారు మందు డిపోకు ఆర్డరు పెట్టడం, వచ్చిన పెట్టెలు సరిచూడడం, నెలాఖరున లెక్క తేల్చడం పద్మాక్షి పని. బికాం చదివిన మనిషి, పైగా అంగళ్ళవాళ్ళ ఇంట్లో పుట్టింది. సరుకు తగ్గితే ఏం చేయాలో ఆమెకు తెలుసు. పగిలిందా, ఎలుక కొట్టిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా అని వరసగా చూసుకుంటూ పోవచ్చు. ఎక్కువైతే ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు.

"ఎక్కువ వస్తే మంచిదే కదక్కా, ఊరికే కలిసొచ్చినాది," అన్నాడు ప్రమోద్.

"కలిసొచ్చేకి ఇది కందిబేడలు కాదురా. లెక్కలో లేని ప్యాకెట్టు దొరికితే, సుంకం కట్టని దొంగ సరుకు తెచ్చి కలుపుతాండామని ఎక్సైజోళ్ళు అంగడికి సీలేస్తారు."

ప్రమోద్ ముఖంలో నవ్వు పోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె భర్తను సూటిగానే అడిగింది. "నాతో చెప్పకుండా బయటి సరుకు ఏమన్నా దించుతాండావా?"

గోవిందరాజు తింటున్న చేయి ఆపేశాడు. "నేనా? ముందు నీ తమ్ముణ్ణి అడుగు. ఒక ప్యాకెట్టుకు రెండుసార్లు బిల్లు కొడతాండాడేమో."

"కొడితే గల్లాలో తక్కువ రావల్ల కదా. అది సరిగ్గానే ఉండాది."

"అయితే డిపోవాళ్ళే ఎక్కువేసి పంపించినారేమో."

"పెట్టెలు నేనే సరిచూసుకుంటి."

గోవిందరాజు అన్నం కలుపుతూ, తనమీద అనుమానం వచ్చినందుకు బాధపడాలో, అంగడికి ముప్పు వచ్చినందుకు భయపడాలో తేల్చుకోలేనట్టు కూర్చుండిపోయాడు.

మరుసటిరోజు పద్మాక్షి ప్యాకెట్లు ఒక్కొక్కటే తిప్పి, వాటిమీద అచ్చేసిన తయారీ నంబర్లు చూసింది. ముందు వరసలో ఉన్నవి మొన్న వచ్చిన సరుకు. వెనక వరసలో ఉన్నవి పాతవి, అంతకుముందు లారీలో వచ్చినవి. అవి బయటి సరుకు కాదు, తమ అంగడివే. కాకపోతే కంప్యూటర్ లెక్కలో ఎప్పుడో అమ్ముడైపోయి, బిల్లయిపోయి, బయటికి వెళ్ళిపోయినవి. అమ్మిన సరుకు తిరిగి అరలోకి ఎలా వచ్చింది? గోవిందరాజు మీద అనుమానం తీరిందిగానీ ఆమె తల మరింత తిరిగిపోయింది.

లోపలికి వచ్చేవాళ్ళు ఎవరని ఆలోచించింది. కౌంటర్‌కు ఇనుప కటకటాలున్నాయి. వెనక తలుపులోంచి గోదాములోకి వచ్చేది ప్రమోద్, తను, ఇంకా చిక్కన్న. పక్క ఊరైన రాయచెర్లు చిక్కన్నకు యాభై దాటి ఉంటాయి. చేను సోలార్‌కిచ్చేశాడు. రోజూ షేర్ ఆటోలో వచ్చి అంగడి వెనక గోడ నీడలో హొన్నూరప్ప, తిప్పేస్వామి అనే ఇద్దరు స్నేహితులతో కూర్చుంటాడు. లారీ వస్తే ఎవరూ అడగకుండానే పెట్టెలు దించుతాడు. కుళాయి నుంచి నీళ్ళు తెచ్చి డ్రమ్ము నింపుతాడు. కూలి ఇస్తే తీసుకోడు. రోజూ ఒక ప్యాకెట్టు మాత్రం దుడ్డిచ్చి కొనుక్కుంటాడు. అతను దొంగ కాడు. దొంగయినా, దొంగతనం చేస్తే సరుకు తగ్గాలి కదా.

అంతలోనే ఒక మధ్యాహ్నం ఒక ఆడమనిషి అంగడికి కొంచెం దూరంలో ఆటో దిగింది. కౌంటర్ దగ్గరికి రాకుండా వెనక తలుపు వైపు వచ్చి నిలబడింది. ఆడవాళ్ళు ఆ దరిదాపులకు రావడం అరుదు. పద్మాక్షి ఒక్కతే లోపల ఉంది.

"అమ్మా, నేను రాయచెర్లు చిక్కన్న పెండ్లాన్ని. ఓబక్క," అంది. "మా ఆయన ఈడికి వస్తాండాడా?"

కొట్లాటకు వచ్చిందేమోనని పద్మాక్షి తలుపు రెక్క పట్టుకుంది. "వస్తాడు. ఏం?"

"దినామూనా?"

"నేను ఉన్న దినాల్లో అయితే వస్తాడు."

"తాగుతాడా?"

"ప్యాకెట్టయితే కొంటాడు," అంది మెల్లగా.

ఓబక్క గడపమీద కూలబడింది. "మరి వాసన ఏల రాదు?"

"ఏంది?"

"పెండ్లయినప్పట్నుంచి ఆ వాసన ఓర్సుకుంటాండా. ఈ మధ్య ఇంటికొస్తే వాసన లేదు, తూలేది లేదు. సంగటి పెట్టమని అడిగి తింటాండాడు. యాడుంటివి అంటే వైన్‌షాపు తావ ఉంటి అంటాడు. ఉంటే వాసన రావల్ల కదమ్మా? ఈ వయసులో క్యాతగానచెర్లులో ఎవతెనన్నా పెట్టుకున్యాడో ఏమో అని నిద్ర పట్టలేదు నాకు."

మొగుడు తాగడం లేదేమోనని దిగులుపడే భార్యను పద్మాక్షి అంతవరకు చూడలేదు. నవ్వాలో ఓదార్చాలో తెలియక మంచినీళ్ళిచ్చింది. "ఈడనే ఉంటాడమ్మా, నేను చూస్తాండా కదా," అని పంపించింది. ఆటో మలుపు తిరిగిపోయాక కూడా ఆమె అడిగిన మాట చెవిలో తిరుగుతూనే ఉంది. రోజూ కొంటాడు. వాసన రాదు. కొన్న ప్యాకెట్టు ఏమైనట్టు?

మరుసటిరోజు ఆమె గోదాములో లైటు తీసేసి బీరు పెట్టెల వెనక స్టూలు వేసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి చిక్కన్న బిందెతో వచ్చాడు. డ్రమ్ములో నీళ్ళు పోశాడు. కౌంటర్ వైపు ఒకసారి చూశాడు. పంచె ముడిలోంచి ప్యాకెట్టు తీసి, భుజంమీది తువ్వాలతో తుడిచి, అరలో వెనక వరసలో బొమ్మ ముందుకు వచ్చేలా సర్ది పెట్టాడు.

"చిక్కన్నా," అంది పద్మాక్షి.

అతను ఉలిక్కిపడి రెండు చేతులూ పైకెత్తాడు. "తీసుకోలేదమ్మా! పెడతాండా!"

"అదే అడుగుతాండా. ఏల పెడతాండావు?"

చిక్కన్న తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు.

"మానేసినానమ్మా," అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ముందు కూడా మానేసింటి. ఊరంతా చెప్పి, దేవుని ముందర ప్రమాణం చేసి మానింటి. మళ్ళీ తాగితి. అందరూ నవ్విరి. మా పాప శిల్పశ్రీ నవ్వలేదు, దానికి ఏడుపొచ్చింది. అందుకే ఈసారి ఎవురికీ చెప్పకుండా మానల్ల అనుకుంటి."

"మంచిదే కదా. మానినోడివి ఈడికి వచ్చేదెందుకు?"

"ఇంక యాడికి పోవల్లమ్మా?" నిజంగానే తెలియక అడిగినట్టు అడిగాడు. "సేను సోలార్ ప్లేట్ల కింద ఉండాది. బాడిగ బ్యాంకులో పడతాది. పొద్దున్నే లేస్తే కాళ్ళు సేనికాడికి పోతాయి, ఆడ కంచె. హొన్నూరప్పోళ్ళు ఈడ ఉంటారు. వాళ్ళతో కూచుంటే పొద్దు పోతాది. చేతిలో ప్యాకెట్టు లేకుండా కూచుంటే, నీకేం పని ఈడ అంటారు."

"గ్లాసులో ఏముంటాది మరి?"

"కూల్‌డ్రింకు. రంగు ఒకటే కదా."

"ఆ ప్యాకెట్టు వాళ్ళకే ఇయ్యొచ్చు కదా."

"ఇస్తే, నువ్వేల తాగవు అంటారు. ఇంటికి తీసకపోతే నా చేయి నా మాట వినదు. యాడ్నుంచి తీసినానో ఆడే పెట్టేస్తే అయిపోతాది, మీకూ నష్టం లేదు అనుకుంటి."

పద్మాక్షి స్టూలుమీద మళ్ళీ కూర్చుంది. అతనిమీద కోప్పడాలని చూసింది, కోపం రాలేదు. దొంగతనానికి పేరుంది, శిక్ష ఉంది. ఇతను చేసినదాన్ని ఏమనాలి? ఎక్సైజోళ్ళ సంగతి వివరంగా చెప్పింది. అంగడి మూతపడుతుందని విని చిక్కన్న ముఖం పాలిపోయింది.

"ఇవి నీవి. నువ్వు కొన్నవి. తీసకపో చిక్కన్నా."

అతను గోడకానుకునేంత దూరం వెనక్కు జరిగాడు. "వద్దమ్మా. అన్ని ప్యాకెట్లు ఒక్కసారి నా చేతిలో పెట్టద్దు."

ఆమె భర్తకు ఫోన్ చేసింది. గోవిందరాజుకు విషయం అర్థం కావడానికే కొంతసేపు పట్టింది. "మళ్ళీ అమ్మేయి," అన్నాడు.

"ఒకసారి అమ్మినదాన్ని మళ్ళీ ఎట్లా అమ్మేది? పాపం కాదా?"

"అయితే ఆయనకే ఇచ్చేయి."

"ఇస్తే తాగుతాడు."

"తాగితే? మనం అమ్మేది దేనికి పద్మా, తాగేకే కదా?"

ఆమె ఫోన్ పెట్టేసి, "చిక్కన్నా, మీ ఇంటామెకు చెప్పల్ల నేను," అంది.

"వద్దమ్మా, మళ్ళీ తాగితే దానికి—"

"నువ్వు క్యాతగానచెర్లులో ఎవతెనో పెట్టుకున్యావని ఆమె అనుకుంటాండాది."

"నేనా?" చిక్కన్న నోరు తెరిచాడు. తన పంచె వైపు, తెల్లబడిన ఛాతీ వెంట్రుకల వైపు చూసుకున్నాడు. "నాకెవరు దొరుకుతారమ్మా?" అన్నాడు. చెప్పొద్దని మాత్రం మళ్ళీ అనలేదు, భార్య ఫోన్ నంబరు చెప్పాడు.

ఓబక్క సాయంత్రం లోపలే కొడవలి చేత్తో పట్టుకుని వచ్చేసింది, మేకలకు ఆకు కోస్తున్నది కోస్తున్నట్టే. విషయం చెబితే నమ్మలేదు. పక్కకు తీసిపెట్టిన ప్యాకెట్లు ఒక్కొక్కటీ తిప్పి చూసింది, మూల చినిగిందేమోనని వేలితో తడిమింది. చివరికి మొగుడి దగ్గరకు వెళ్ళి, నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. సంతోషపడుతుందనుకున్న పద్మాక్షి ఆశ్చర్యపోయేలా, ఆమెకు పట్టరాని కోపం వచ్చింది.

"తాగిన దినమల్లా నాకు తెలిసె. మానిన దినాలు నాకు చెప్పేకేం నీకు? నేనూ నవ్వుతాననుకుంటివా?"

చిక్కన్న తల వంచుకున్నాడు.

ఏం చేద్దామన్నదానికి ఓబక్కే దారి చూపింది. ప్యాకెట్లన్నీ ఒక గోనెసంచిలో వేసుకుని ఆడవాళ్ళిద్దరూ రోడ్డు దాటి, సోలార్ కంచె పక్కనున్న కాలువ దగ్గరికి వెళ్ళారు. చిక్కన్న చాలా దూరంలోనే ఆగిపోయి, అటు తిరిగి నిలబడ్డాడు. ఓబక్క కొడవలితో ప్యాకెట్ల మూలలు కోసి ఇస్తుంటే పద్మాక్షి కాలువలోకి వంచింది. ఇన్నేళ్ళుగా మందు వ్యాపారం చేసే ఇంటి కోడలు, తెరిచిన మందు చేత్తో పట్టుకోవడం అదే మొదటిసారి. చేతులమీద చిందింది, కుచ్చిళ్ళు తడిశాయి. ఎండిన మట్టి గుటగుటా తాగేసింది. ఎటునుంచో ఒక మేక వచ్చి మూతి పెట్టబోతే ఓబక్క అదిలించింది, ఆ తర్వాత ఉన్నట్టుండి పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతోందో తెలియకపోయినా పద్మాక్షికీ నవ్వు ఆగలేదు.

పావగడకు తిరుగు బస్సులో పద్మాక్షి పక్క సీటులో కూర్చున్న పెద్దాయన రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, లేచి వెళ్ళి వెనక నిలబడ్డాడు. కండక్టర్ చిల్లర ఇస్తూ ఆమె ముఖంలోకి వింతగా చూశాడు. ఇంటికి వెళ్ళాక గోవిందరాజు తలుపు తీసి అలాగే నిలబడిపోయాడు. "ఏంది ఇది?" అన్నాడు.

"స్టాకు సరిచేసి వస్తాండా," అని ఆమె నేరుగా స్నానానికి బచ్చలింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు చిక్కన్న రాలేదు. నీళ్ళ డ్రమ్ము ప్రమోదే విసుక్కుంటూ నింపాడు. మళ్ళీ తాగుతున్నాడేమో, వేరే అంగడికి వెళ్తున్నాడేమో అని పద్మాక్షికి అనిపించింది. తన అంగడిలో కొనకుండా పక్క అంగడికి పోతున్నాడనా తన దిగులు, తాగుతున్నాడనా? ఎంత ఆలోచించినా తేలలేదు.

లారీ వచ్చిన రోజు అతను వచ్చాడు. పెట్టెలన్నీ దించి, చెమట తుడుచుకుంటూ గోడ నీడకు వెళ్ళాడు. వెనక తలుపులోంచి పద్మాక్షికి మాటలు వినిపిస్తున్నాయి.

"ఏంప్పా, వట్టి చేతులతో వచ్చినావు?" అన్నాడు హొన్నూరప్ప.

"మానేసినా."

"మళ్ళీనా?" హొన్నూరప్ప పెద్దగా నవ్వాడు. తిప్పేస్వామీ నవ్వాడు. కాసేపటికి చిక్కన్న నవ్వు కూడా వినిపించింది. పద్మాక్షి తొంగి చూసింది. తిప్పేస్వామి పరుచుకున్న గోనెమీద కొంచెం పక్కకు జరిగాడు. చిక్కన్న కూర్చున్నాడు. నీకేం పని ఈడ అని ఎవరూ అడగలేదు. వానల గురించి, రాయచెర్లులో ఎవరిదో పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. సాయంత్రం ఆటోకు లేచేటప్పుడు చిక్కన్న ఒకసారి కౌంటర్ వైపు చూశాడు. ఆ చూపు ప్రమోద్ వైపా, అతని వెనక అరలవైపా అన్నది ఆమెకు తెలియలేదు.

ఆ నెల సరుకు సరిపోయింది. ప్రమోద్ చప్పట్లు కొట్టాడు. పద్మాక్షి మాత్రం కొత్త ఆర్డరు పెట్టడానికి కూర్చుని, విస్కీ ప్యాకెట్ల దగ్గర ఆగిపోయింది. చిక్కన్న రోజూ కొనే ప్యాకెట్టు ఇక పోదు. ఒక పెట్టె తగ్గించాలా? తగ్గించాక అతను మళ్ళీ వచ్చి అడిగితే? అడిగితే ఇవ్వాలి, ఇది అంగడి. ఇవ్వనంటే ఏ హక్కుతో? చాలాసేపు అలా కూర్చుని, చివరికి ఒక పెట్టె తగ్గించి పంపేసింది.

సాయంత్రం గోవిందరాజు ఆర్డరు చూసి, "ఇది ఏల తగ్గించినావు?" అని అడిగాడు.

"ఒకాయన మానేసినాడు."

గోవిందరాజు ఆమె ముఖం ఒకసారి చూసి, టీవీ పెట్టుకున్నాడు.